25 మి.మీ. అల్యూమినియం అడుగున గీతలు: ప్రెషర్ కాదు, గార్నెట్ చూడండి

వాటర్‌జెట్ మెషీన్ (ఇసుకలాంటి గార్నెట్ పొడి కలిపిన నీటి జెట్‌తో లోహం కోసేది) మీద 25 మి.మీ. అల్యూమినియం కోస్తే అడుగున గీతలు పడుతున్నాయని అడిగారు కదా. ప్రెషర్ తప్పు కాకపోవచ్చు. 6061 (ఒక రకం అల్యూమినియం మిశ్రమం) ప్లేట్ పైన నున్నగా వచ్చి కింది సగంలో వంకర గీతలు పడుతున్నాయంటే, జెట్ అడుగుకు చేరేసరికి బలం చాలడం లేదు. స్పీడ్ ఎక్కువైనా ఇంతే, గార్నెట్ తగ్గినా ఇంతే. ప్రెషర్ పెంచినా మారలేదన్నారు కాబట్టి నా అనుమానం గార్నెట్ మీదే.

1. అందరూ వదిలేసే పని ఇదే: గార్నెట్ తూచడం. స్క్రీన్ మీది అంకెను నమ్మకండి. కటింగ్ హెడ్ దగ్గర గార్నెట్ గొట్టం ఊడదీసి, నీళ్లు ఆపి, ఫీడర్ (గార్నెట్ వదిలే భాగం) మాత్రం సరిగ్గా ఒక నిమిషం నడిపి డబ్బాలో పట్టండి. తూచండి. మూడుసార్లు. సెట్ చేసిన దానికన్నా తక్కువ వచ్చినా, మూడూ మూడు రకాలుగా వచ్చినా దొంగ దొరికినట్టే.

తూకం తేడా వస్తే గార్నెట్‌కి తడి పట్టిందేమో చూడండి; మన విశాఖ తేమగాలి సంగతి తెలిసిందే. ఆటోనగర్ షెడ్డులో రాత్రంతా మూతి తెరిచి ఉంచిన బస్తాలోంచి పొద్దున్నే గుప్పెడు తీసి పిసికాను, ఉండ కట్టింది! ఆరబెట్టి, జల్లించి, మూత ఉన్న డ్రమ్ములో పోసుకోండి. గొట్టం లోపలా తడి లేకుండా చూడండి.

2. తూకం సరిగ్గా ఉంటే ఫోకసింగ్ ట్యూబ్ (జెట్ బయటికొచ్చే సన్న గొట్టం) కొన చూడండి. రంధ్రం కోలగా అరిగితే మార్చేయండి.

3. స్టాండాఫ్ (ట్యూబ్ కొనకీ ప్లేటుకీ మధ్య ఎడం) 2–3 మి.మీ. ఉంచండి.

4. అప్పుడు స్పీడ్ పావు వంతు తగ్గించి చిన్న ముక్క కోయండి. గీతలు తగ్గితే అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుకోవచ్చు.