పసుపు రంగు సూపర్ జెయింట్లు అంత త్వరగా మారతాయా?

ప్రశ్న: నక్షత్రంలో మార్పు రావాలంటే లక్షల ఏళ్లు పడుతుందని చదివాను. పసుపు రంగు మహాతారల (సూపర్ జెయింట్ల) స్పెక్ట్రం, అంటే వాటి కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే వర్ణపటం, మాత్రం పది, ఇరవై ఏళ్లలోనే మారిపోతుందంటున్నారు. మారేది నక్షత్రమేనా, లేక దాని చుట్టూ ఉన్న వాయువా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. రెండూ మారతాయి, ఏది ఎంత అన్నది తేల్చడమే అసలు కష్టం.

కాసియోపియా రాశిలో రో అనే నక్షత్రాన్నే తీసుకోండి. ఆ రాశి డబ్ల్యూ ఆకారం చివర ఉన్న కాఫ్ అనే నక్షత్రానికి దగ్గర్లో, బాగా చీకటిగా ఉంటే మామూలు కంటికే కనిపిస్తుంది. దాని ఉష్ణోగ్రత సుమారు 7,000 కెల్విన్ ఉండేది, 2000లో కొన్ని నెలల్లోనే 4,000 దగ్గరికి పడిపోయింది, స్పెక్ట్రంలో టైటానియం ఆక్సైడ్ అణువు వల్ల ఏర్పడే చీకటి పట్టీలు వచ్చేశాయి. ఈ అణువు వేడికి తట్టుకోలేదు, విడిపోతుంది. ఎర్రని చల్లటి నక్షత్రాల్లో కనిపించాల్సింది ఇక్కడ కనిపించిందంటే, పై పొరలు ఉబ్బి, బయటికి జరిగి, చల్లబడ్డాయన్నమాట. స్పెక్ట్రంలోని గీతలు నీలం వైపు జరిగాయి కాబట్టి ఆ వాయువు మన వైపు వస్తోందని కూడా తెలిసింది, సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో! ఆ ఒక్క విడతలోనే దాదాపు 10,000 భూముల బరువంత పదార్థాన్ని వదిలేసిందని లెక్క. 1946లోనూ ఇలాగే జరిగింది.

అదే రాశిలోని హెచ్.ఆర్. 8752 అనే నక్షత్రం కథ దీనికి తిరగబడింది. 1980ల మధ్యలో 5,000 దగ్గర ఉన్న ఉష్ణోగ్రత 2005 నాటికి 8,000 కెల్విన్‌కి చేరింది. నక్షత్రం లోపలి పరిణామమే ఇలా కనిపిస్తోందని కొందరు అంటారు. కానీ నాకైతే ఒక్క విషయం దగ్గర జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది, ఎందుకంటే ఇలాంటి నక్షత్రాలకు గట్టి ఉపరితలం ఉండదు, మనం చూసేది వాయువు పారదర్శకం కావడం మొదలయ్యే చోటుని, నక్షత్రపు గాలి, అంటే దాని నుంచి బయటికి వీచే వాయువు, దట్టంగా వీస్తే ఆ చోటు బయటికి జరిగి నక్షత్రం చల్లగా కనిపిస్తుంది, పల్చబడితే వేడిగా కనిపిస్తుంది, లోపల పెద్దగా ఏమీ జరగకపోయినా సరే.

పైగా ఇవి వందల రోజుల పాటు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి, అదీ ఒక క్రమం లేకుండా. రెండేళ్ల తేడాతో రెండు స్పెక్ట్రాలు తీసి పోలిస్తే ఆ ఊగిసలాటనే శాశ్వత మార్పు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే వీలైతే ఒకే పరికరంతో, ఏటా కొన్నిసార్లు, దశాబ్దాల పాటు తీస్తూనే ఉండాలి. ముఖ్యంగా 656.3 నానోమీటర్ల దగ్గరున్న హైడ్రోజన్ ఆల్ఫా గీతని చూడాలి, పైపొరల్లోనూ గాలిలోనూ ఏం జరుగుతోందో ముందుగా అక్కడే కనిపిస్తుంది.