సైకిల్ సందేహాలు: నమ్మకమైన డ్రాపర్ పోస్ట్ ఏది?

ఈ నెల బెంగళూరు పాఠకుల ప్రశ్నలన్నీ డ్రాపర్ పోస్ట్ చుట్టూనే తిరిగాయి. సీటును మోసే పోస్టుల్లో, తొక్కుతూనే ఎత్తు మార్చుకోగల రకం ఇది. హ్యాండిల్ మీది లీవర్ నొక్కి ఒంటి బరువు వేస్తే సీటు దిగుతుంది, బరువు తీసి మళ్లీ నొక్కితే పైకి లేస్తుంది. మౌంటెన్ బైక్ మీద పల్లంలోకి దిగేటప్పుడు సీటు అడ్డం రాకుండా ఉండటానికి ఇంతకంటే పనికొచ్చే భాగం లేదు. అందుకే ఈసారి ఈ ఒక్క విషయానికే పేజీలు కేటాయించాం.

ప్రశ్న: ప్రతి ఆదివారం ఆవలహళ్లి అడవి దారుల్లో తొక్కుతాను. దిగుడు వచ్చినప్పుడల్లా ఆగి, అలెన్ కీతో సీటు దించి, మళ్లీ ఎక్కించుకోవడంతో విసుగొచ్చింది. నాలుగైదేళ్లు ఇబ్బంది పెట్టని డ్రాపర్ పేరు ఒక్కటి చెప్పండి.
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే మీకు మేలు జరగదు. డ్రాపర్ లోపల ఉండేది ఒత్తిడితో నింపిన గాలి, నూనె, వాటిని విడిగా ఉంచే రబ్బరు సీళ్లు. సీళ్లు ఎప్పటికైనా అరుగుతాయి. అంటే ఏ కంపెనీదైనా ఒక రోజు మొరాయిస్తుంది. మొరాయించిన రోజు ఏ భాగం మార్చాలి, అది ఎక్కడ దొరుకుతుంది, మన చేత్తో మార్చుకోగలమా అన్నదే నమ్మకానికి అసలు పరీక్ష.

ఆ లెక్కన చూస్తే, కేబుల్‌తో నడిచి, లోపల విడిగా మార్చుకోదగ్గ కార్ట్రిడ్జ్ ఉన్న పోస్ట్ మీకు సరైనది. గాలి, నూనె అన్నీ ఆ కార్ట్రిడ్జ్‌లోనే మూసి ఉంటాయి. పాడైతే దాన్ని తీసి కొత్తది వేస్తారు, మిగతా పోస్ట్ అలాగే ఉంటుంది. పీఎన్‌డబ్ల్యూ, వన్అప్, ట్రాన్జ్‌ఎక్స్ పోస్టులు ఈ పద్ధతివే. కేబుల్ అంటే గేర్లకు వాడే మామూలు ఇన్నర్ (లోపలి తీగ), ఔటర్ (పైతొడుగు) మాత్రమే. తెగినా ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది.

రాక్‌షాక్స్ రెవర్బ్ 2010 నుంచీ ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. కానీ దాని పాత రకంలో లీవర్ నుంచి పోస్ట్ వరకు కేబుల్ బదులు నూనె గొట్టం ఉంటుంది. గాలి చేరితే సిరంజిలతో దాన్ని బయటికి తీయాలి, అంటే బ్లీడ్ చేయాలి. ఆ పని వచ్చిన మెకానిక్ దగ్గర్లో ఉంటే తీసుకోండి, లేకపోతే వద్దు. బైక్‌యోక్ రివైవ్‌కు ఒక మంచి ఏర్పాటుంది. నూనెలో గాలి కలిసినప్పుడు సీటు కిందున్న వాల్వును తిప్పి పట్టుకుని, సీటును అట్టడుగుకు నొక్కి, వాల్వు వదిలేస్తే సరిపోతుంది. విప్పనక్కర్లేదు. ధర ఎక్కువే, పనితనమూ అంతే. 2019లో వచ్చిన రెవర్బ్ ఏఎక్స్ఎస్ వైర్లెస్. కేబుల్ గొడవ లేదు గానీ పోస్ట్ బ్యాటరీ చార్జ్ చేసుకోవాలి, లీవర్‌లోని సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోతే మార్చుకోవాలి.

కొనే ముందు షాపులో ఈ మూడూ అడగండి. దీని కార్ట్రిడ్జ్ విడిగా అమ్ముతారా? బుషింగులు (గొట్టాలు ఊగకుండా మధ్యలో ఉండే రింగులు), ఇత్తడి కీలు (పై గొట్టం పక్కకు తిరగకుండా ఆపే చిన్న పిన్నులు) దొరుకుతాయా? వారంటీ పని ఇక్కడే అవుతుందా, విదేశానికి పంపాలా? విడిభాగం బయటి నుంచి రావాలంటే కస్టమ్స్ సుంకం కట్టాలి, పార్సిల్ కోసం ఎదురుచూడాలి. పేరు లేని చవక పోస్టులతో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మొదట్లో చక్కగానే నడుస్తాయి, కార్ట్రిడ్జ్ పోయిన రోజున విడిభాగం దొరక్క పోస్ట్ మొత్తం పారేయాల్సి వస్తుంది.

ప్రశ్న: నా ఫ్రేముకు 30.9 మి.మీ. వ్యాసం ఉన్న పోస్ట్ పడుతుంది. షాపులో 200 మి.మీ. డ్రాప్ (సీటు దిగే దూరం) ఉన్నదే తీసుకోమంటున్నారు. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. పడుతుందంటారా?
— ఒక పాఠకురాలు, బనశంకరి

జవాబు: మీ ఎత్తును బట్టి చెప్పలేమండీ. ఫ్రేమును కొలిచి చెప్పాలి. టేపు తీసుకోండి, రెండు కొలతలు చాలు.

మొదటిది. సీటును మీరు మామూలుగా తొక్కే ఎత్తులో ఉంచండి. ఫ్రేము గొట్టం పై అంచు నుంచి సీటు కింది కమ్మీల మధ్య వరకు కొలవండి. అది 235 మి.మీ. వచ్చిందనుకుందాం. రెండోది. క్లాంప్ (పోస్టును ఫ్రేములో బిగించే పట్టీ) వదులు చేసి, ఇప్పుడున్న పోస్టును ఆగిపోయేవరకు లోపలికి దించండి. అక్కడ గుర్తు పెట్టి, బయటికి తీసి, లోపలికి వెళ్లిన భాగాన్ని కొలవండి. అది 230 మి.మీ. అనుకుందాం. పాత పోస్టే పొట్టిదై సీటు ఫ్రేముకు తగిలి ఆగితే ఈ కొలత పనికిరాదు. అప్పుడు సన్నని కర్రను గొట్టంలోకి దించి చూడాలి. లోపల గొట్టం వంగినా, ఫుల్ సస్పెన్షన్ బైకులో పివట్ (వెనక భాగం కదిలే ఇరుసు) అడ్డొచ్చినా, బాటిల్ బోల్టుల మొనలు పొడుచుకొచ్చినా పోస్ట్ అక్కడే ఆగుతుంది. బోల్టులదే అడ్డమైతే వాటిని పొట్టివి వేస్తే చాలు.

ఇప్పుడు కంపెనీ ఇచ్చే పట్టికలో ప్రతి పోస్టుకూ డ్రాప్, స్టాక్ ఎత్తు, మొత్తం పొడవు చూడండి. స్టాక్ అంటే సీటు పూర్తిగా దిగినప్పుడు కూడా కాలర్ (బయటి గొట్టం పైనున్న లావు రింగు) కింది అంచు నుంచి కమ్మీల వరకు మిగిలే ఎత్తు. అది 50 అనుకుంటే, 200 డ్రాప్ పోస్ట్ పూర్తిగా లేచినప్పుడు 250 అవుతుంది. మీకు కావాల్సింది 235. పోస్టును కాలర్ దాకా దించేసినా సీటు 15 మి.మీ. ఎత్తులోనే ఉంటుంది కాబట్టి 200 కుదరదు. 180 అయితే 230, ఎత్తు వరకు సరిపోయింది. కానీ దాని మొత్తం పొడవు 480 అయితే ఫ్రేములోకి వెళ్లాల్సింది 480లోంచి 235 తీసేస్తే 245. మీ గొట్టంలో ఉన్న చోటు 230. ఇదీ పట్టదు. 150 డ్రాప్, 420 పొడవు ఉన్న పోస్ట్ లోపలికి వెళ్లేది 185 మాత్రమే, హాయిగా పడుతుంది. అడుగున కేబుల్ వంపు తిరగడానికి మరో 20, 30 మి.మీ. ఖాళీ ఉండాలన్నది కూడా లెక్కలో వేసుకోండి. కొన్ని కంపెనీలు మొత్తం పొడవులో అడుగున కేబుల్ లాగే మీటను కలపవు, ఆ ఒక్క మాట గమనించకే చాలామంది వెనక్కి పంపాల్సి వస్తుంది.

రెండు డ్రాపుల మధ్య ఇరుక్కుంటే, డ్రాప్ తగ్గించుకునే వీలున్నది తీసుకోండి. వన్అప్‌లో లోపల పెట్టే చిన్న ముక్కలతో 10 లేదా 20 మి.మీ. తగ్గించవచ్చు. పై లెక్కలు ఉదాహరణకు వేసినవి, మీ ఫ్రేము అంకెలు పెట్టి మళ్లీ చేసుకోండి.

ప్రశ్న: నాది 3×8 గేర్ల (ముందు మూడు, వెనక ఎనిమిది), వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్. సీటు పోస్ట్ వ్యాసం 27.2 మి.మీ. ఫ్రేములో కేబుల్ దూర్చే రంధ్రం లేదు. ఏదైనా దారి ఉందా?
— ఒక విద్యార్థి, యలహంక

జవాబు: ఉంది. కేబుల్ బయటి నుంచి వచ్చే రకం తీసుకోండి. అందులోనూ కేబుల్ కాలర్ దగ్గర కలిసేది మేలు. సీటు దగ్గర కలిసే రకంలో సీటు దిగినప్పుడల్లా కేబుల్ ఉచ్చులా వంగి వెనక టైరుకు తగులుతుంది. రంధ్రం కోసం ఫ్రేముకు డ్రిల్లు మాత్రం పెట్టకండి, గొట్టం పగిలేది సరిగ్గా అక్కడే. 27.2లో ఎంపిక తక్కువ, డ్రాప్ కూడా ఎక్కువగా 125 లోపే. గొట్టం సన్నం కాబట్టి సీటు కాస్త ఊగుతుంది. పెద్ద ఫ్రేములో చిన్న పోస్టును షిమ్ముతో (మధ్య ఖాళీని నింపే పలుచని తొడుగు) వేయొచ్చు. ఉదాహరణకు 31.6 ఫ్రేములో 30.9 పోస్టుకు 0.35 మి.మీ. మందం ఉన్న షిమ్ము సరిపోతుంది. చిన్న ఫ్రేములో పెద్ద పోస్ట్ దూర్చడానికి మార్గం లేదు.

మీకు ఎడమవైపు ముందు గేర్ల షిఫ్టర్ ఉంది కనుక, హ్యాండిల్ కింద బొటనవేలితో నొక్కే లీవర్‌కు చోటుండదు. హ్యాండిల్ పైన బిగించే నిలువు రకం లీవర్ అడగండి.

ప్రశ్న: కొత్త డ్రాపర్ వేయించి పది రోజులైంది. చేత్తో పట్టుకుని చూసినప్పుడు టక్కున లేచిన పోస్ట్, ఫ్రేములో బిగించాక నత్తలా లేస్తోంది. షాపులో పోస్టే చెడిందంటున్నారు.
— ఒక పాఠకుడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

జవాబు: చేతిలో బాగా లేచిన పోస్ట్ చెడినట్టు కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి తేకండి. నూటికి తొంభై అనం గానీ, మొదట అనుమానించాల్సింది సీటు క్లాంపునే. డ్రాపర్ బయటి గొట్టం పలుచన. క్లాంపును మామూలు పోస్టుకు బిగించినట్టు బిగిస్తే అది నొక్కుకుపోయి లోపలి బుషింగులను పట్టేస్తుంది. క్లాంపు బోల్టును అర చుట్టు వదులు చేసి నొక్కి చూడండి. టక్కున లేచిందా, దొంగ దొరికినట్టే. టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచ్) 5 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలుపెట్టండి, క్లాంపు మీద రాసిన అంకె దాటొద్దు. అంత తక్కువలో పోస్ట్ జారుతోందంటే బిగువు పెంచకుండా, పోస్ట్ బయటి గొట్టానికి కార్బన్ పేస్టు రాయండి. అందులోని సన్నని గరుకు రేణువులు తక్కువ బిగువులోనే పట్టు ఇస్తాయి. అల్యూమినియం ఫ్రేముకైనా పనికొస్తుంది.

క్లాంపు కాకపోతే కేబుల్ చూడండి. పోస్టును పైకి లాగి, అడుగున కేబుల్ విడదీసి, మీటను వేలితో నొక్కండి. అప్పుడు చురుగ్గా లేస్తే తప్పు కేబుల్ దారిలో ఉంది. పోస్టును ఫ్రేములోకి దించేటప్పుడు అదే వేగంతో హ్యాండిల్ దగ్గర ఔటర్‌ను బయటికి లాగాలి. ఒకరు దించుతుంటే ఇంకొకరు లాగితే సులువు. లాగకపోతే మిగిలిన ఔటర్ పోస్ట్ కింద మడతపడి నలిగిపోతుంది. నలిగిన ఔటర్ సాగదీసినా బాగుపడదు, మార్చాల్సిందే. కోసేటప్పుడు కేబుల్ కట్టర్ వాడి, నొక్కుకుపోయిన రంధ్రాన్ని సూదితో తెరిచి, చివర టోపీ పెట్టండి. ఇన్నర్ చివరనుండే గుండు కొన్ని పోస్టుల్లో లీవర్ వైపు, కొన్నింటిలో పోస్ట్ వైపు ఉంటుంది. అది చూడకుండా కోస్తే కేబుల్ వృథా.

ఈ రెండూ సరిగా ఉండి కూడా నెమ్మదిగా లేస్తేనే పోస్టును అనుమానించాలి. గాలి నింపే వాల్వ్ ఉన్న రకమైతే సస్పెన్షన్‌కు వాడే షాక్ పంపుతో ఆ పోస్ట్ పుస్తకంలో చెప్పిన ఒత్తిడి ఉందో లేదో చూడండి. టైరు పంపు ఇక్కడ పనికిరాదు.

ప్రశ్న: రెండేళ్ల పోస్ట్. కూర్చుంటే సీటు దిగిపోతోంది. మార్చేయాలా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఎలా దిగుతోందో తెలిస్తే జవాబు మారుతుంది. ఫ్రేము అంచు దగ్గర పోస్ట్ చుట్టూ టేపు అంటించి ఒక రోజు తొక్కండి. టేపు కదిలి పైకి జరిగితే పోస్ట్ మొత్తం ఫ్రేములోకి జారుతోంది, పైన చెప్పిన పేస్టే మందు. టేపు కదలకుండా సీటు మెల్లగా చివరిదాకా దిగిపోతుంటే కేబుల్ బిగుతై లోపలి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. లీవర్ దగ్గరున్న సర్దుబాటు మరను లోపలికి తిప్పి, లీవర్‌కు 1, 2 మి.మీ. ఖాళీ కదలిక వచ్చేలా పెట్టండి. దిగేది కొద్దిగానే అయి, లేవగానే స్ప్రింగులా పైకొస్తుంటే మాత్రం నూనెలో గాలి కలిసింది. నాలుగైదుసార్లు పూర్తిగా దించి లేపితే కొన్ని సర్దుకుంటాయి. లేకపోతే కార్ట్రిడ్జ్ మార్చాలి.

మార్చడం కష్టం కాదు. పోస్ట్ తీసి, అడుగున మీట విప్పి, కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచిన క్లిప్పు లేదా నట్టు తీయండి. పైన కాలర్‌ను చేత్తోగానీ రబ్బరు పట్టీ ఉన్న రెంచ్‌తోగానీ తిప్పండి. పైపు రెంచ్ పెడితే గీతలు పడతాయి. పై గొట్టం బయటికి లాగేటప్పుడు చిన్న ఇత్తడి కీలు రాలతాయి, ఏది ఏ గాడిలోదో ఫోటో తీసి ఉంచుకోండి. అన్నీ తుడిచి, కీలకు, బుషింగులకు, వైపర్ (కాలర్ దగ్గర దుమ్ము ఆపే రబ్బరు అంచు) లోపల సస్పెన్షన్ గ్రీజు పలుచగా రాసి, కొత్త కార్ట్రిడ్జ్ వేసి, కాలర్‌ను చేత్తో బిగించండి. పాత కార్ట్రిడ్జ్‌ను విప్పాలని చూడకండి. లోపల ఒత్తిడి ఉంటుంది, ప్రమాదం.

సీటు ముక్కు అటూఇటూ రెండు మిల్లీమీటర్లు కదిలితే అది జబ్బు కాదు. అంతకు మించితే కీలు అరిగాయి, ఒక సైజు లావువి వేస్తే సరి.

ప్రశ్న: తురహళ్లి వైపు తొక్కుతాం. ఎండల్లో ఎర్ర దుమ్ము, వానల్లో బురద. డ్రాపర్‌ను ఎలా చూసుకోవాలి?
— ముగ్గురు స్నేహితులు, కనకపుర రోడ్డు

జవాబు: ఎర్రమట్టి సన్నగా ఉండి వైపర్ అంచున చేరి గొట్టాన్ని ఇసుక కాగితంలా గీకుతుంది. తొక్కి వచ్చాక సీటును పైకి లేపి, మెరిసే గొట్టాన్ని, కాలర్ అంచును తడిబట్టతో తుడవండి. ప్రెషర్ నీళ్లు కాలర్ మీదికి కొట్టొద్దు, బురద లోపలికి పోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు, లోపలి గ్రీజును కడిగేస్తాయి. వానాకాలంలో నెలకోసారి పోస్టును బయటికి తీసి ఫ్రేమును తలకిందులు చేయండి, సీటు గొట్టంలో చేరిన నీళ్లు కారిపోతాయి. ఆ నీళ్లే కేబుల్ చివరను తుప్పు పట్టిస్తాయి. వానలు తగ్గాక ఒకసారి కాలర్ విప్పి పాత గ్రీజు తుడిచి కొత్తది రాస్తే ఏడాదికి సరిపోతుంది.

సీటు దించి ఉన్నప్పుడు సీటు పట్టుకుని సైకిల్ ఎత్తడం చాలామందికి అలవాటు. కొన్ని పోస్టుల్లో అలా లాగితే గాలి సీళ్లు దాటి నూనెలో కలుస్తుంది. మెట్లెక్కించాలన్నా, కారు మీద పెట్టాలన్నా ఫ్రేము పట్టుకుని ఎత్తండి. రిపేరు స్టాండుకు తగిలించేటప్పుడు దవడ మెరిసే గొట్టాన్ని పట్టకూడదు, కాలర్ కిందున్న నల్ల భాగాన్నే పట్టాలి. అది కనిపించనంత లోపలికి పోస్ట్ దిగి ఉంటే, క్లాంపు వదులు చేసి కాస్త పైకి లాగి తగిలించండి. లాగేటప్పుడు హ్యాండిల్ దగ్గర ఔటర్‌ను లోపలికి నెట్టడం మరచిపోవద్దు.