ఒరేయ్ చిన్నోడా, ఆ టీమ్‌లో చేరేముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నోడా,

నిన్న మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేసి గంటసేపు నన్నే తిట్టాడు. ఎమ్మెస్‌కి వెళ్ళినవాడివి ఫుట్‌బాల్ టీమ్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరుతున్నావట, నీ బుర్ర పాడుచేసింది నేనేనట. ఇన్ని లక్షలు పోసి పంపిస్తే గ్రౌండులో నీళ్ళ సీసాలు అందిస్తాడా అని వాడి బాధ. పైగా వాడి దృష్టిలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే, అమెరికావాళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటని ఆ పేరుతో ఎందుకు పిలుస్తారో నేను చెప్పలేకపోయాను. ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా కొంత చేతికొస్తుంది అన్నాక కాస్త చల్లబడ్డాడు.

నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషమే ఎక్కువ, అబద్ధం ఎందుకు చెప్పాలి. గుంటూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మనిషిని, పెళ్ళయి అమెరికా వచ్చి, ట్యూటర్‌గా మొదలుపెట్టి అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆటగాళ్ళ చదువులు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్ళు చేశాను, ఆ బిల్డింగులో మన మొహం ఇంకొకటి కనబడేది కాదు. ఇప్పుడు నా మేనల్లుడు అలాంటి చోటుకే వెళ్తున్నాడంటే గర్వంగా ఉండదా? కానీ నీ పనిలో ఆటగాళ్ళు క్లాసుకి వచ్చారా అని చూసే క్లాస్ చెకింగ్, రాత్రి గదుల్లో ఉన్నారా అని చూసే బెడ్ చెక్ కూడా ఉన్నాయని మీ అమ్మ చెప్పగానే గుండె గుభేలుమంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. థంబ్స్ అప్ పెట్టి తప్పించుకోకు, కూర్చుని చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మీటింగుకి పది నిమిషాల ముందే ఉండు. ఆటగాళ్ళతో సెల్ఫీలు దిగి ఇన్‌స్టాలో పెట్టకు. బెట్టింగ్ యాప్ ఉంటే ఇవాళే తీసెయ్, కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్స్ స్టాఫ్‌కి కూడా వర్తిస్తాయి, రూమ్మేట్ వచ్చి మీ క్వార్టర్‌బ్యాక్ మోకాలు ఎలా ఉందిరా అని ఊరికే అడిగినా నోరు విప్పకు. బయటి ఊరి మ్యాచ్ అయ్యి అర్ధరాత్రి బస్సు దిగాక నిద్రమత్తులో కారు నడపకు, ఆఫీసు సోఫాలో పడుకో.

గంటల సంగతి మాత్రం చిన్నది కాదు. నీది ఎఫ్‌1, స్టూడెంట్ వీసా. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, అంతే, సెలవుల్లో అయితే ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. తమాషా ఏంటంటే సీజన్‌లో ఆటగాళ్ళకీ వారానికి 20 గంటలే రూలు, రోజుకి నాలుగు మించకూడదు, మ్యాచ్ రోజు మొత్తాన్ని మూడు గంటలుగా లెక్కేస్తారు. మిగతాదంతా "వాలంటరీ". వాలంటరీ అని పేరే గానీ రానివాడెవడో సాయంత్రానికి కోచ్‌కి తెలుస్తుంది. ఆ ఊపులో నిన్నూ ఇంకాసేపు ఉండమంటారు, నువ్వూ మొహమాటానికి ఉండిపోతావు, షీట్‌లో 20 అని రాస్తారు. వాళ్ళకి అది మామూలే. నీకు అది దేశంలో ఉండే హక్కు. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్ళి మాట్లాడు, వాళ్ళు చెప్పింది మెయిల్‌లో రాయించుకో.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని విషయానికి వస్తాను.

నేను పనిచేసిన ఒక చోట, పేరెందుకులే, హెడ్ కోచ్ ఒక రూలు పెట్టాడు. ఒక క్లాసు ఎగ్గొడితే తెల్లారి ఐదింటికి స్టేడియం మెట్లెక్కి దిగాలి. రెండైతే మ్యాచ్‌లో మొదటి సగం బెంచీ మీద. మూడైతే ఆ వారం మ్యాచే లేదు. ఫ్రేమ్ కట్టించి లాకర్ రూమ్ గోడకి తగిలించారు కూడా. ఆ ఏడు మా టీమ్‌లో ఒక రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, ఉండేవాడు, పంతొమ్మిదేళ్ళు, బంతి చేతికిస్తే ఇక వాడిని పట్టుకునేవాడు లేడు. మంచి పిల్లాడే, ఎప్పుడూ నవ్వు మొహం. సోమవారం ఎనిమిదింటి క్లాసుకి మాత్రం లేచేవాడు కాదు. అక్టోబరులో, పెద్ద మ్యాచ్ ఉన్న వారంలో, మూడోసారి ఎగ్గొట్టాడు.

క్లాసులు తిరిగి హాజరు చూసేది నీలాంటి గ్రాడ్యుయేట్ స్టూడెంటే. వాడూ వేరే దేశం నుంచి వచ్చినవాడే, అసిస్టెంట్‌షిప్ మీద బతుకుతున్నవాడు. ఆ రోజు రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ వాడి టేబుల్ దగ్గరికి వచ్చాడు. బెదిరించలేదు, అరవలేదు. కాఫీ తెచ్చిచ్చాడు, వాళ్ళమ్మ ఆరోగ్యం అడిగాడు, తర్వాత మెల్లగా, ఆ టైముకి మనవాడు ట్యూటర్ దగ్గర ఉన్నాడు కదా, ఒకసారి సరిచెయ్ అన్నాడు. పిల్లాడు సరిచేశాడు. సిస్టమ్‌లో ఒక్క గడి, అర నిమిషం పని.

అదే వారం ఇంకొకడు కూడా మూడు క్లాసులు పోగొట్టుకున్నాడు. వాడు వాకాన్, అంటే స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఫీజు కట్టుకుని ఆడేవాడు. రాత్రిళ్ళు గోడౌన్‌లో లారీలకి సరుకెత్తి పొద్దున్నే నిద్రపోయేవాడు. వాడి గడులు ఎవరూ ముట్టుకోలేదు. శనివారం టీమ్ బస్సెక్కింది, వాడు ఎక్కలేదు. ఎక్కినా ఆడేది రెండు మూడు కిక్కాఫులు, అయినా వాళ్ళ నాన్న అప్పటికే టికెట్టు కొనుక్కున్నాడు.

మ్యాచ్ గెలిచాం. రన్నింగ్ బ్యాక్ బ్రహ్మాండంగా ఆడాడు. కానీ పంక్తిలో ఒకడి ఆకులో నెయ్యి రెండోసారి పడితే చివర కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది చూడు, సోమవారానికల్లా లాకర్ రూమ్ మొత్తానికీ తెలిసింది. ఎవరు చెప్పారో తెలియదు. ఒక సీనియర్ లైన్‌మన్ స్టడీ హాల్‌కి రాలేదని నేను గట్టిగా అడిగితే, ఎంతో మర్యాదగా, "మేడమ్, ఎన్ని టచ్‌డౌన్లు వేస్తే ట్యూటర్ దగ్గర ఉన్నట్టు రాస్తారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పై ఆఫీసులో మా డైరెక్టర్‌తో ఆ రోజే పెద్ద గొడవ పెట్టుకున్నాను, సీజన్ అయ్యేదాకా ఆగమన్నాడు. ఆగలేదు, రాసి ఇచ్చాను. ఈలోపు బెడ్ చెక్‌కి గదిలో ఉండేవాళ్ళు తగ్గారు, మెట్లెక్కమంటే మొదట ఆ రన్నింగ్ బ్యాక్‌ని ఎక్కమనండి అనేవాళ్ళు ఎక్కువయ్యారు. గోడ మీద ఫ్రేము అలాగే ఉండేది, ఎవరూ దాని వంక చూసేవాళ్ళు కాదు.

ఇక ఎవడిని కాపాడామనుకున్నామో వాడి సంగతి. ఎలాగూ ఎవరూ లెక్కపెట్టరని వాడికి అర్థమైంది, మిగతా క్లాసులూ మానేశాడు. డిసెంబరుకి ఆరు క్రెడిట్లే పాసయ్యాడు. ఫుట్‌బాల్‌లో ఆడేవాళ్ళు ఫాల్ సెమిస్టర్‌లో కనీసం తొమ్మిది క్రెడిట్లు తెచ్చుకోవాలి, లేకపోతే వచ్చే సీజన్ మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వరు. ఒక్క శనివారం బెంచీ మీద కూర్చోబెట్టడం ఇష్టం లేక నాలుగు శనివారాలు పోగొట్టారు. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో వాడి చోటు ఇంకొకడు తీసుకున్నాడు. వాడు వేరే కాలేజీకి మారిపోయాడు, అక్కడా నిలవలేదని విన్నాను.

కంప్లయన్స్ ఆఫీసువాళ్ళు, అంటే రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసేవాళ్ళు, విచారణకి వచ్చినప్పుడు సిస్టమ్‌లో ఎవరి లాగిన్ ఉంది? ఆ చెకర్ పిల్లాడిది. సరిచూడమన్నాను, మార్చమనలేదు అన్నాడు కోచ్. హెడ్ కోచ్‌కి నిజంగానే తెలియదో తెలియనట్టు ఉన్నాడో నాకిప్పటికీ తేలలేదు. పిల్లాడి అసిస్టెంట్‌షిప్ తీసేశారు, దానితోపాటే ఫీజు మాఫీ పోయింది, తర్వాతి సెమిస్టర్ ఫీజు కట్టలేక ఇంటికెళ్ళిపోయాడు. కాఫీ ఇచ్చిన కోచ్‌కి మరుసటేడు ఇంకా పెద్ద టీమ్‌లో ఉద్యోగం వచ్చింది.

అర్థమైందా నేనెందుకు భయపడుతున్నానో? టీవీలో హెడ్ కోచ్‌ని చూపించి పక్షపాతం అంటారు గానీ, అది తయారయ్యేది నువ్వు కూర్చోబోయే కుర్చీలోనే. అందుకే చెప్తున్నా, చూసింది చూసినప్పుడే, టైముతో సహా ఎక్కించు. సాయంత్రం గుర్తుచేసుకుని రాద్దామనుకోకు. నీ లాగిన్ ఎవరికీ ఇవ్వకు, ఐదు నిమిషాలకైనా సరే. ఎవరైనా వచ్చి మార్చమంటే మొహం మీద కాదనక్కర్లేదు, గొడవ అక్కర్లేదు. "తప్పకుండా కోచ్, ఒక మెయిల్ పెట్టండి, కంప్లయన్స్‌కి కూడా కాపీ పెట్టి మారుస్తాను" అను. నవ్వుతూనే అను. ఆ మెయిల్ రాదు చూసుకో.

జాలితో మార్చడం కూడా అంతేరా. నీతో నాకు అసలు పేచీ అక్కడే. క్యారమ్స్ ఆడుతూ చెల్లి ఏడుస్తుందని రెడ్ కాయిన్‌ని దాని వైపు మెల్లగా నెట్టేవాడివి, మేం చూడట్లేదనుకునేవాడివి. ఆ గోడౌన్ పిల్లాడిలాంటివాడు నీకూ తగులుతాడు, వాడికి ప్రెజెంట్ వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకు. వాడిని వెంటబెట్టుకుని అడ్వైజర్ దగ్గరికి వెళ్ళు, కష్టంలో ఉన్న ఆటగాళ్ళ కోసం నిధులుంటాయి, క్లాసు టైము మార్చుకునే వీలుంటుంది. హాజరు మాత్రం ఉన్నది ఉన్నట్టే.

మీ ఆఫీసులో లూ హోల్ట్జ్ అనే పేరున్న కోచ్ కథ చెప్తారు, ఆశ్చర్యపోకు. ఆర్కన్సా కోచ్‌గా ఉండగా 1978 ఆరెంజ్ బౌల్ ముందు (బౌల్ అంటే సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్) ముగ్గురు ఆటగాళ్ళని తప్పించాడు, ఆ సీజన్‌లో టీమ్ స్కోరులో చాలా భాగం వాళ్ళదే. అందరూ ఓడిపోతారనుకున్నారు. రోలాండ్ సేల్స్ అని బెంచీ మీది కుర్రాడు 205 గజాలు పరిగెత్తాడు, ఓక్లహామా మీద 31-6తో గెలిచారు. బాగుంటుంది కథ, నేనూ చాలామందికి చెప్పాను. కానీ క్రమశిక్షణ ఉంటే గెలుస్తాం అని మాత్రం దీన్నుంచి నేర్చుకోకు. 1995లో నెబ్రాస్కా యూనివర్సిటీ టీమ్‌లో లారెన్స్ ఫిలిప్స్ అనే స్టార్ ఆటగాడు తన మాజీ గర్ల్‌ఫ్రెండ్‌ని కొట్టి, మెట్ల మీదుగా ఈడ్చాడు. ఆ అమ్మాయి అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ప్లేయర్. ఆరు మ్యాచ్‌లు ఆపి మళ్ళీ ఆడించారు. అక్కడి హెడ్ కోచ్ టామ్ ఆస్‌బోర్న్ చెడ్డ మనిషేం కాదు, ఫుట్‌బాల్ అనే కట్టుబాటు లేకపోతే ఆ కుర్రాడు ఇంకా పాడైపోతాడనే అన్నాడు. ఫియస్టా బౌల్‌లో 62-24తో గెలిచి ఛాంపియన్లయ్యారు. ఫిలిప్స్ 2016లో జైల్లో చచ్చిపోయాడు. గెలుపు రెండు వైపులా ఉంటుందిరా, దాన్ని చూపించి ఎవరేం చెప్పినా తలూపకు.

క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని చావగొట్టేవాళ్ళూ ఉంటారు, వాళ్ళని చూసి అబ్బో ఎంత స్ట్రిక్టో అనుకోకు. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీలో జోర్డాన్ మెక్‌నైర్ అని పంతొమ్మిదేళ్ళవాడు ప్రాక్టీసులో వడదెబ్బ తగిలి పడిపోయాడు. చల్లటి నీళ్ళలో ముంచాల్సింది, ముంచలేదు. రెండు వారాలకి పోయాడు. సెలవు మీద పెట్టిన హెడ్ కోచ్‌ని మొదట వెనక్కి తీసుకుని, గోలయ్యాక మర్నాడే పంపించేశారు. నీ ఎదురుగా ఎవడైనా తూలుతూ పరిగెడుతుంటే, మాట తడబడుతుంటే, కోచ్ ఏమనుకుంటాడో అని ఆలోచించకుండా ఆటగాళ్ళ ఆరోగ్యం చూసే ట్రైనర్‌ని కేకెయ్. ఉద్యోగం పోతే పోనీ, నేనున్నాను.

ఇంకొకటి. నీకు ఆవేశం ఎక్కువ కాబట్టి చెప్తున్నా. జార్జియా యూనివర్సిటీలో జాన్ కెంప్ అని నాలాగే ఇంగ్లీషు చెప్పే ఆవిడ, ఫెయిలైన తొమ్మిది మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళని బౌల్ గేమ్ కోసం పై క్లాసుకి తోసేశారని నిలదీసింది, ఉద్యోగం తీసేశారు. కోర్టుకెళ్ళి 1986లో గెలిచింది, యూనివర్సిటీ ప్రెసిడెంటే దిగిపోయాడు. నాకు ఆవిడంటే ఎంత గౌరవమో. కానీ ఆవిడ ఈ దేశం మనిషి, ఉద్యోగం పోయినా ఇల్లు కదలక్కర్లేదు. నువ్వు కోర్టులదాకా వెళ్ళే పని పెట్టుకోకు. నీ రికార్డు నువ్వు శుభ్రంగా ఉంచుకో, తేడా కనిపిస్తే కంప్లయన్స్‌కి రాసి తేదీతో కాపీ దాచుకో, ఆపైన నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా పర్లేదు, మీ మామయ్య గురకకి నేనెలాగూ మెలకువగానే ఉంటాను.

మా రోజులతో పోలిస్తే ఇప్పుడు ఇంకా కష్టం. 2021 నుంచి పిల్లలకి బయటి డబ్బు వస్తోంది, 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇస్తున్నాయి, నచ్చకపోతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి వేరే కాలేజీకి వెళ్ళిపోతారు. నీకన్నా నాలుగైదేళ్ళు చిన్నవాడు నీ ఏడాది స్టైపెండ్‌ని నెలలో సంపాదిస్తూ నువ్వెవడివి నన్ను లేపడానికి అంటాడు. పౌరుషపడకు. తలుపు కొట్టు, టైము రాసుకో, పక్క తలుపుకి వెళ్ళు. వాడికెంత గట్టిగా కొట్టావో పక్కవాడికీ అంతే గట్టిగా కొట్టు.

నాన్న సంగతి నాకొదిలెయ్, ఈ వారంలో ఒప్పిస్తాను. నువ్వు ఆఫర్ లెటర్ అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, గంటల దగ్గర ఏం రాశారో, అసిస్టెంట్‌షిప్ మధ్యలో తీసేస్తే ఫీజు ఎవరు కట్టాలన్నారో నేను చూడాలి. చూసేదాకా సంతకం పెట్టకు.

మీ అత్త