చీటీ పాడి ఒమేగా కొనాలా?

ప్రశ్న: మాది బరంపురం, బట్టల దుకాణం. దుకాణం ఖర్చులన్నీ పోను నెలకు సగటున 1.4 లక్షలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 60 వేలు, ఇంటి లోన్ కిస్తీ 24 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 10 వేలు, పాప సుకన్య ఖాతాకు 5 వేలు. 5 లక్షల చీటీ (25 నెలలు, నెలకు 20 వేలు) కడుతున్నాను, ఇంకా 11 నెలలుంది. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. చిన్నప్పటి నుంచీ నాకు గడియారాల పిచ్చి. ఇప్పుడు ఒమేగా సీమాస్టర్ మీద మనసు పడింది, 6 లక్షల దాకా అవుతుందట. ఈ నెల చీటీ పాడి కొనేయమంటారా? పైగా అది పెట్టుబడి కూడా అని స్నేహితుడు అంటున్నాడు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: కొనండి, కానీ ఈ నెల చీటీ పాడి మాత్రం వద్దు.

ఇంకా 11 నెలలున్న చీటీలో పోటీపడి పాడితే ఎంతో కొంత తగ్గించుకోక తప్పదు. 80 వేలు వదులుకున్నారనుకోండి, మీ గడియారం ధర 6.8 లక్షలైనట్టే. ఆ 80 వేలు వడ్డీ కాక మరేమిటి? మిగతా సభ్యులకు డివిడెండ్‌గా పోతుంది కాబట్టి మనకు వడ్డీలా కనిపించదు, అంతే. పాడుకున్నాక జామీనుదార్లను కూడా వెతుక్కోవాలి. గడియారం కోసం బంధువులను జామీను అడగడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

చివరిదాకా ఆగితే కమీషన్ 5 శాతం అనుకున్నా చేతికి 4.75 లక్షలు వస్తాయి. ఇక ఎఫ్‌డీ సంగతి. ఇంటి ఖర్చు, కిస్తీ కలిపి నెలకు 84 వేలు. అవసరానికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటే 5 లక్షలు పైచిలుకు కావాలి. మీ దగ్గర ఉన్నది 4 లక్షలు. జీతగాడికైతే సర్దుకోమనేవాణ్ణి. పెళ్లిళ్ల సీజన్‌లో అమ్మకాలు బాగుండి ఆషాఢంలో వెలవెలపోయే దుకాణానికి ఈ లక్ష లోటు ముందు పూడాలి. కాబట్టి చీటీ డబ్బులో లక్ష ఎఫ్‌డీలోకి, 3.75 లక్షలు గడియారం ఖాతాలోకి. ఇప్పటి నుంచి నెలకు 10 వేలు ఆర్‌డీ కడితే అప్పటికి ఇంకో 1.1 లక్షలు. చీటీ అయిపోయాక ఖాళీ అయ్యే 20 వేలు కూడా కలిపితే నాలుగు నెలల్లో 6 లక్షలు దాటుతుంది. అంటే సుమారు పదిహేను నెలలు. సిప్, సుకన్య రెండూ అలాగే నడుస్తాయి.

ఈలోగా ధర పెరగదా అంటారు. పెరగొచ్చు. ఇంకో పక్క, స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే ఐరోపా దేశాల కూటమితో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒమేగా లాంటి స్విస్ గడియారాల మీద దిగుమతి సుంకం ఏడాదికింత చొప్పున తగ్గుతూ పోవాలి. ఆ లాభమంతా మన దాకా వస్తుందని నేను హామీ ఇవ్వను. కంపెనీలు ధరలు పెంచుతాయి, స్విస్ ఫ్రాంక్ కూడా ఊరుకోదు. కానీ ఆగితే మునిగిపోతామన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు.

పెట్టుబడి అన్న మాటను మీ స్నేహితుడికే వదిలేయండి. కొనుక్కున్న రేటు కంటే ఎక్కువకు అమ్ముడుపోయేవి రోలెక్స్, పటేక్ ఫిలిప్ లాంటి కంపెనీలవి కొన్ని మోడళ్లే. 2022 మొదట్లో ఆకాశాన్నంటిన సెకండ్‌హ్యాండ్ ధరలు ఆ తర్వాత వాటికీ దిగొచ్చాయి. సీమాస్టర్ లాంటిది షోరూమ్ దాటగానే విలువ కొంత పోతుంది. మీ ఆవిడ గాజులైతే అవసరానికి అదే రోజు బరంపురంలోనే తాకట్టు పెట్టుకోవచ్చు. ఈ గడియారాన్ని అలా ఎవరూ తీసుకోరు. ఇది ఖర్చు. ఇష్టమైన ఖర్చే, దానికి సిగ్గుపడక్కర్లేదు. టైమ్ కోసమే అయితే వెయ్యి రూపాయల క్వార్ట్జ్ (బ్యాటరీ) గడియారం ఇంతకంటే బాగా చూపిస్తుంది. ఒమేగా గొప్పగా చెప్పుకునే మాస్టర్ క్రోనోమీటర్ అనే కచ్చితత్వ పరీక్ష నెగ్గిన గడియారం కూడా రోజుకు 5 సెకన్ల దాకా ముందుకు పోవచ్చు. అదేమీ పట్టకపోవడమే కదా మీ పిచ్చి!

కొన్నాక ఖర్చు ఆగదు. వారంటీ 5 ఏళ్లు. అయిదారేళ్లకో, ఏడెనిమిదేళ్లకో ఒకసారి సర్వీసింగ్ ఉంటుంది, బిల్లు పదుల వేలల్లో వస్తుంది. ఏటా 10 వేలు దాని పేరు మీద పక్కన పెట్టండి. బజారులో బ్యాటరీలు మార్చే కుర్రాడి చేత మూత తీయించకండి. డైవర్ మోడల్ మీద 300 మీటర్ల లోతు తట్టుకుంటుందని రాసి ఉన్నా, లోపలి రబ్బరు సీళ్లు పాతబడితే ఆ అంకెకు అర్థం లేదు. గోపాలపూర్ సముద్రంలో దిగితే ఇంటికొచ్చి మంచినీళ్లతో కడగండి. మీ వైపు ఉక్కకు తోలు పట్టీ తొందరగా పాడవుతుంది, స్టీలుదో రబ్బరుదో తీసుకోండి.

దుబాయ్ నుంచి తెప్పిద్దామని ఎవరైనా అంటే, సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి ఈ ధరకు ఏ మూలకూ చాలదు. ఎయిర్‌పోర్టులో చెప్పి సుంకం కట్టాల్సిందే. చేతికి పెట్టుకుని దాటేద్దామన్న ఐడియా వద్దు.

వ్యాపారస్తులు కాబట్టి ఇంకో రెండు మాటలు. దుకాణం పేరు మీద బిల్లు తీస్తే జీఎస్టీ కలిసొస్తుందని ఎవరైనా చెబితే వినకండి. సొంత వాడకానికి కొన్నదానికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. గల్లాపెట్టె నగదుతోనూ కొనలేరు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం అమ్మేవాళ్లకు చట్టం ప్రకారం కుదరదు, పాన్ కూడా అడుగుతారు. 10 లక్షలు దాటిన గడియారాలకు 2025 ఏప్రిల్ 22 నుంచి వసూలు చేస్తున్న 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) మీకు వర్తించదు.

మీ ఆవిడకు ఈ లెక్కంతా ఇప్పుడే చూపించండి. పదిహేను నెలలు నెలకు 10 వేలు ఎక్కడికి పోతున్నాయో ఆవిడకు ఎలాగూ తెలుస్తుంది. కొన్న రోజున సీరియల్ నంబరు, వారంటీ కార్డు, బిల్లు ఫొటో తీసి ఆవిడ ఫోన్‌లోనూ ఉంచండి. ఇంటి బీమా ఉంటే గడియారాన్ని విడిగా రాయించి, బయట పోయినా వర్తించేలా కవర్ తీసుకోండి. మామూలు పాలసీలో అది ఉండదు.