4 నెలల బాబుకి ఏఎఫ్‌పీ 120 వస్తే క్యాన్సరేనా?

అమ్మా, స్కానింగ్‌లో లివర్‌లో గడ్డ, ఏఎఫ్‌పీ (లివర్ గడ్డలున్నప్పుడు రక్తంలో చూసే ఒక ప్రొటీన్) 120, ల్యాబ్ నార్మల్ 10 లోపు అన్నారు కదా. ఆ 10 పెద్దవాళ్ల లెక్క. పుట్టినప్పుడు పిల్లల్లో ఏఎఫ్‌పీ సహజంగానే వేలల్లో ఉండి, ఏడాది నిండేసరికి పెద్దల స్థాయికి దిగుతుంది. 4 నెలలకి 120 ఉండొచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి.

అలాగని వదిలేయకూడదు. హెపటోబ్లాస్టోమాలో, అంటే చిన్నపిల్లల్లో వచ్చే లివర్ క్యాన్సర్‌లో, ఏఎఫ్‌పీ ఎక్కువగా వేలు, లక్షల్లో ఉంటుంది కానీ, అరుదుగా తక్కువ ఏఎఫ్‌పీతోనూ వస్తుంది, అది మొండి రకం. కొన్ని వారాల తేడాతో మళ్లీ చేయించి తగ్గుతోందో పెరుగుతోందో చూడాలి.

ఈ వయసులో రక్తనాళాల గడ్డ, అంటే హెమాంజియోమా, కూడా బాగా కనిపిస్తుంది. రక్తప్రవాహం చూపే డాప్లర్ స్కాన్, నరంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ చేస్తారు. ఎంఆర్‌ఐలో అంచుల నుంచి లోపలికి ఆ మందు నిండడం దాని గుర్తు. గడ్డలు చాలా ఉంటే థైరాయిడ్ పరీక్ష, గుండె ఎకో తప్పనిసరిగా అడగండి. ఆ గడ్డలు థైరాయిడ్ హార్మోన్‌ను పనిచేయకుండా చేసేస్తాయి, గుండె మీద భారం వేస్తాయి.

బయాప్సీకి, అంటే గడ్డ ముక్క తీసి చేసే పరీక్షకి, తొందరపడకండి, రక్తస్రావం భయం ఉంటుంది. ముందు ఎంఆర్‌ఐ ఫిల్మ్‌లు పిల్లల క్యాన్సర్ డాక్టరు, పిల్లల సర్జన్ కలిసి చూడాలి. ఈ వారంలోనే వెళ్లండి. పొట్ట ఉబ్బినా, ఆయాసం వచ్చినా, పాలు తాగకపోయినా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.