నెలకి 24 వేల క్రోషే అమ్మకాలు, చేతిలో సున్నా: నగలు పెట్టి షాపు తెరవాలా?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం. రెండేళ్లుగా ఇంట్లోనే క్రోషే బొమ్మలు, కీచైన్లు, పసిపిల్లల దుప్పట్లు అల్లి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ద్వారా అమ్ముతున్నాను. నెలకి సుమారు 24 వేల అమ్మకాలు ఉంటాయి. దారానికీ మిగతా సామానుకీ 9 వేలు, ప్యాకింగు, కొరియర్లకి 5 వేలు పోతాయి. డబ్బులు మావారి ఫోన్‌పేకి వస్తాయి. రోజుకి ఆరు గంటలు కూర్చుంటాను కానీ నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండదు. ఇంట్లో ఉంటే ఇంతే, షాపు పెట్టు అని అందరూ అంటున్నారు. నగలు తాకట్టు పెడితే 3 లక్షలు వస్తాయి. పెట్టమంటారా? జీఎస్టీ తీసుకోవాలా? ట్యాగ్ మీద 'నరసాపురం లేసు' అని వేసుకోవచ్చా? (పెద్ద ఉత్తరం, ఇక్కడ కుదించి ఇచ్చాం.)

జవాబు:

నగల జోలికి వెళ్లకండి. ముందు అది చెప్పేస్తే మిగతాది టెన్షన్ లేకుండా మాట్లాడుకోవచ్చు.

'చేతిలో ఏమీ ఉండదు' అన్నారు కదా, మీరు రాసిన అంకెలే వేసి చూద్దాం. 24 వేలలో 14 వేలు ఖర్చు, అంటే నెలకి 10 వేలు మిగలాలి. మిగులుతున్నాయి కూడా. కాకపోతే అవి వచ్చేది మీవారి ఫోన్‌పేకి అని మీరే రాశారు, అక్కడ జీతం, ఈఎంఐ, పాలబ్బాయి, స్కూలు వ్యాను అన్నీ ఒకే కుండలో కలిసిపోతాయి కాబట్టి మీ 10 వేలు ఏ రోజు ఏ రూపంలో పోయాయో ఎవరికీ తెలియదు. ఇందులో ఆయన తప్పేం లేదు. కానీ మీ సంపాదన మీ పేరు మీద ఎక్కడా కనబడటం లేదు, రేపు మీరే బ్యాంకుకి వెళ్లి అప్పు అడిగినా చూపించడానికి ఒక్క కాగితం ఉండదు, పైగా మీ అమ్మకాల డబ్బంతా ఆయన ఖాతాలో ఆయన ఆదాయంలా కనిపిస్తుంది. ఈ వారమే మీ పేరు మీద ఒక ఖాతా తెరిచి దాని క్యూఆర్ కోడ్ పెట్టండి. కస్టమర్ల డబ్బు అందులోకే రావాలి, దారం డబ్బు అందులోంచే పోవాలి. ప్రతి నెలా 5వ తారీఖున అందులోంచి 7 వేలు 'నా జీతం' అని మీ ఇంకో ఖాతాకి పంపుకోండి. ఇంటికి ఇస్తారో, దాచుకుంటారో తర్వాతి సంగతి, ముందు జీతం అంటూ ఒకటి పడాలి.

ఇక రెండో చిల్లు మీ బీరువాలో ఉంది. మీరు పంపిన టెడ్డీ లెక్క ప్రకారం 650 రూపాయల బొమ్మకి దారం 130, లోపల కూరే ఫైబరు, కళ్లు కలిపి 30, అంటే ధరలో నాలుగో వంతు. ఆ లెక్కన 24 వేల అమ్మకాలకి 6 వేల సామాను సరిపోవాలి, మీరు 9 వేలది కొంటున్నారు. మిగతా 3 వేలు ఏమైనట్టు? ఆఫర్‌లో వచ్చింది కదా అని, ఆ లావెండర్ రంగు మళ్లీ దొరుకుతుందో లేదో అని కొన్న మిల్క్ కాటన్ దారం ఉండలై అరల్లో కూర్చుంది. ఏడాదికి 36 వేలు! క్రోషే చేసేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది, చీరల పిచ్చి కంటే ఏం తక్కువ కాదు. (నాకు క్రోషే రాదు, కానీ చీరల విషయంలో అనుభవం ఉంది.) ఒక ఆదివారం మొత్తం బయటికి తీసి, రంగుల వారీగా ఎన్ని ఉండలున్నాయో ఒక పుస్తకంలో రాయండి. రాబోయే రెండు నెలలు, ఆర్డర్ వచ్చి అడ్వాన్సు పడితే తప్ప కొత్త ఉండ కొనకండి. ఉన్న రంగుల్లోనే కీచైన్లు అల్లండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీరు దారానికి లెక్క రాశారు, కొరియర్‌కి రాశారు, డబ్బాకి, థాంక్యూ కార్డుకి కూడా రాశారు. మీ గంటలకి మాత్రం ఎక్కడా లెక్క లేదు. టెడ్డీనే తీసుకోండి. దారం, ఫైబరు, కళ్లకి 160, ప్యాకింగు 45, కొరియర్ 85, మొత్తం 290. మిగిలేది 360. అల్లడానికి ఐదున్నర గంటలు, ఫొటోలు, 'ఇంకో రంగులో ఉందా అండీ' మెసేజీలు, ప్యాకింగు కలిపి ఇంకో అరగంట, వెరసి ఆరు గంటలు. గంటకి 60 రూపాయలు.

అదే పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే కీచైన్లు చూడండి. ఒకటి 90కి ఇస్తున్నారు, సామాను 20, పట్టే సమయం 40 నిమిషాలు, కొరియర్ వాళ్లే కట్టుకుంటున్నారు. 40 నిమిషాలకి 70 రూపాయలు, అంటే గంటకి 105. ఇక మీరు ఎంతో ఇష్టంగా ఫొటో పంపిన ఆ పసిపాప దుప్పటి (నిజంగా చాలా బాగుంది) 2,200కి ఇచ్చారు. దారం 780, ప్యాకింగు, కొరియర్ 170, మిగిలింది 1,250. ఎన్ని గంటలు పట్టింది అని అడిగితే 32 అన్నారు. గంటకి 39 రూపాయలు! అందరూ మెచ్చుకునే వస్తువు మీకు అన్నిటికంటే తక్కువ ఇస్తోంది, ఎవరూ లైక్ కొట్టని కీచైను దానికి రెండున్నర రెట్లు ఇస్తోంది. ఇంట్లోంచి చేసే చేతిపనిలో దాదాపు ప్రతిసారీ నాకు ఇదే కనబడుతుంది.

మా అమ్మమ్మ కూడా మీ వైపే, లేసు అల్లేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక అరుగు మీద కూర్చుని, దారం ఉండ ఒళ్లోంచి దొర్లిపోకుండా చెంబులో వేసుకుని, చీకటిపడి కుట్టు కనిపించనంతవరకు అల్లుతూనే ఉండేది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, మళ్లీ వచ్చి దారం ఎంత అయిందో చూసి డబ్బులిచ్చేవాడు. దారానికి లెక్క, రోజులకి లెక్క లేదు. ఒకసారి బల్ల మీద పరిచే పెద్ద గుడ్డ ఒకటి నెల పైన అల్లితే ఒక మూల కుట్టు వదులైందని సగమే చేతిలో పెట్టి పోయాడు, ఆవిడ ఏమీ అనలేదు. ఖాళీగా కూర్చునే బదులు ఏదో ఒకటి కదా అనేది. మీ ఉత్తరంలోనూ ఇంచుమించు ఇదే మాట ఉంది, 'ఎలాగూ ఇంట్లోనే ఉంటాను కదా' అని. ఇక్కడ ఏజెంటు లేడు. ఆ రేటు మీకు మీరే వేసుకున్నారు.

కాబట్టి ధర మార్చాలి. గంటకి 100 అనుకోండి, హైదరాబాద్‌లో అదేం ఎక్కువ కాదు. టెడ్డీ 790, కొరియర్ వేరు. సామాను, ప్యాకింగు 205 తీసేస్తే మిగిలేది 585, గంటకి 97. 'అమ్మో, కస్టమర్లు పోతారు' అంటారు. పోతారు, కొందరు కచ్చితంగా పోతారు. కానీ పాత ధరకి పది బొమ్మలమ్మితే మీకు మిగిలేది 3,600, కొత్త ధరకి ఆరే అమ్మినా 3,510. పదిమందిలో నలుగురు వెళ్లిపోయినా డబ్బు దాదాపు అంతే, మీకు 24 గంటలు మిగులుతాయి. ఆ గంటల్లో కీచైన్లు చేస్తారో, పడుకుంటారో మీ ఇష్టం, మెడనొప్పి అని కూడా రాశారు కదా. పాత కస్టమర్లకి మాత్రం వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ధరలు మారుతున్నాయని ముందే ఒక స్టేటస్ పెట్టండి, క్షమాపణలు అక్కర్లేదు.

ఇదంతా చూశాక షాపు సంగతి ఒక నిమిషంలో తేలిపోతుంది. 3 లక్షలకి ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే నెలకి 3 వేలు వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. మీ ఏరియాలో చిన్న షట్టర్ అద్దె 12 వేలు అన్నారు. కరెంటు, అడ్వాన్సు వదిలేయండి, ఈ రెండూ కలిపితేనే 15 వేలు, మీకిప్పుడు మిగిలేదేమో 10 వేలు, బీరువాలోకి పోయేదీ కలిపితే 13 వేలు. పైగా మీ దగ్గర కొరతగా ఉన్నది గిరాకీ కాదు, చేతులు. పండగ ముందు ఆర్డర్లు వెనక్కి పంపుతున్నానని మీరే రాశారు. షాపు పెడితే ఇంకో రెండు చేతులు రావు కదా, ఉన్న రెండు చేతులూ కౌంటర్ దగ్గర ఇరుక్కుంటాయి. జనాలకి వస్తువు పట్టుకుని చూపించాలని ఉంటే దసరా, సంక్రాంతి ముందు పెద్ద అపార్టుమెంట్లలో పెట్టే వారాంతపు స్టాళ్లు చూడండి, రెండు రోజుల అద్దెతో తేలుతుంది, అక్కడ పోయినా రెండు వేలే పోతాయి.

చేతులు కావాలంటే మీ ఊళ్లోనే ఉన్నాయి. మీ అమ్మగారికి తెలిసిన లేసు అల్లేవాళ్లు ఇద్దరు ఉన్నా చాలు, కోస్టర్లు, ద్వారానికి కట్టే తోరణాల పువ్వులు లాంటి చదునైనవి అక్కడ చేయించి ఇక్కడ మీరు కలపొచ్చు, బొమ్మల్లాగా ముఖం కుదరలేదన్న గొడవ ఉండదు. రేటు దారం లెక్కన మాత్రం వద్దు, మీరే ఒకటి అల్లి టైము చూడండి. కోస్టరుకి అరగంట పడితే 35 రూపాయలు ఇవ్వండి, దారం 15. నాలుగు కోస్టర్ల సెట్టు 200 అవుతుంది, ప్యాకింగు 20, అమ్మేది 320. మీకు 100 మిగులుతుంది, సూది పట్టకుండా. దీనికి దారం అడ్వాన్సుగా 10, 15 వేలు కావాలంటే నగలెందుకు, చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో శిశు అని 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఆరు నెలలు మీ కొత్త ఖాతా నడిచాక వెళ్లండి, అప్పుడు మేనేజరుకి చూపించడానికి స్టేట్‌మెంటు ఉంటుంది. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసుకోండి, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, పూర్తిగా ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే వాళ్లు ఏజెంట్లు. చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో రుణం ఇప్పిస్తామని ఎవరో అంటున్నారని రాశారు, ఆ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో క్రోషే లేదు, డబ్బులు ఇవ్వకండి.

జీఎస్టీ: తెలంగాణలో వస్తువులమ్మేవాళ్లకి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ (ఆంధ్రాలో అయితే 40 లక్షలు). మీ ఏడాది అమ్మకాలు 2.88 లక్షలు, కాబట్టి ఆ పరిమితి దరిదాపుల్లో కూడా లేరు. ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో పెట్టాలంటే 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందార్లు జీఎస్టీ లేకుండా, ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు, వేరే రాష్ట్రాలకి ఆ సైట్ల ద్వారా అమ్మాలంటే మాత్రం జీఎస్టీ ఉండాల్సిందే. ఇన్‌స్టా ఆర్డర్లకి మీరే బెంగళూరుకీ చెన్నైకీ పార్సిళ్లు పంపుతున్నారు కాబట్టి ఒకసారి అకౌంటెంటుతో కూర్చోండి. హస్తకళా వస్తువులకి రాష్ట్రం దాటి అమ్మినా షరతులతో మినహాయింపు ఉంది, మీ వస్తువులు ఆ జాబితాలో పడతాయా, ఏ కాగితాలు ఉంచుకోవాలి అని అడిగి రాయించుకోండి. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టాల్సినంత ఆదాయం మీకు లేదు, అయినా రిటర్ను వేయండి. మూడేళ్ల రిటర్నులు చేతిలో ఉంటే అప్పు అడిగేటప్పుడు మాట తీరే మారిపోతుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. బొమ్మలు పిల్లలకే కదా అమ్ముతున్నారు. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఇంట్లో అల్లేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఉంది. అందుకని కళాకారులకిచ్చే పెహచాన్ గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేయండి, ప్రభుత్వ మేళాల్లో స్టాళ్లకి కూడా పనికొస్తుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకి ప్లాస్టిక్ కళ్లు మానేసి దారంతో కుట్టేయండి. ఊడి గొంతులో పడే భయం ఉండదు, మీకు బొమ్మకి పది రూపాయలు మిగులుతాయి.

ట్యాగ్ మీద 'నరసాపురం లేసు' వద్దు. 2024లో దానికి జీఐ గుర్తింపు (ఆ పేరు ఫలానా ప్రాంతపు వస్తువుకే చెందుతుందనే గుర్తింపు) వచ్చింది, ఆ పేరు వాడాలంటే ఆ ప్రాంతంలో తయారవ్వాలి, అధీకృత వాడకందారుగా నమోదవ్వాలి. హైదరాబాద్‌లో అల్లిన టెడ్డీకి ఆ పేరు కుదరదు. 'నరసాపురం అమ్మాయి చేతి అల్లిక' లాంటివి కూడా ఆ పేరు మీద బేరం చేసినట్టే ఉంటుంది, మీ బ్రాండు పేరు మీరు పెట్టుకోండి.

ఆ 7 వేల జీతంలో మొదటి ఏడాది 3 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, అది పూర్తిగా మీ అత్యవసరానికి. ఫండ్లు, సిప్‌లు ఆ తర్వాత మాట్లాడుకుందాం, ఇంకా నిల్వే లేనప్పుడు వాటి గురించి ఇప్పుడు తొందరేం లేదు. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా మాత్రం కొత్త ఖాతా తెరిచిన రోజే పెట్టించుకోండి.

సంక్రాంతికి ఒప్పుకున్న ఆ రెండు దుప్పట్లూ పాత ధరకే చేసి ఇచ్చేయండి, మాటిచ్చారు కాబట్టి. మూడో ఆవిడ ఇంకా అడ్వాన్సు వేయలేదన్నారుగా, ఆవిడకి 4 వేలు, కొరియర్ అదనం అని ఇవాళే మెసేజ్ పెట్టండి.