నాపరాయికి తెగని దారం ఏది?

గాలం వేసే పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మిషిగన్‌లో ఉండే మా తమ్ముడు అక్కడి సరస్సుల్లో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపను పడతాడు. మొన్న వచ్చినప్పుడు తను వాడే దారం రెండు చుట్టలు ఇచ్చి వెళ్లాడు. ఒకటి 15 పౌండ్ల బరువు మోసే బ్రెయిడ్ (అల్లిక దారం), ఇంకొకటి 8 పౌండ్లు మోసే ఫ్లోరోకార్బన్ (పారదర్శకంగా ఉండే ఒంటిపోగు దారం). మైలవరం జలాశయంలో బ్రెయిడ్‌కే గాలం కట్టి వేస్తే చేప పడకముందే రాళ్ల దగ్గర పుటుక్కున తెగిపోతోంది. దీనికన్నా మామూలు నైలాన్ దారమే నయమా?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: దారంలో లోపం లేదండీ. అక్కడ ఈ రెండింటినీ కలిపి వాడతారు. రీలు నిండా బ్రెయిడ్ చుట్టి, చివర రెండు మూడు మీటర్లు ఫ్లోరోకార్బన్ ముడేస్తారు. ఆ చివరి ముక్కనే లీడర్ అంటారు. గాలం లీడర్‌కే కడతారు తప్ప బ్రెయిడ్‌కు కట్టరు.

స్మాల్‌మౌత్ బాస్‌కి ఈ జత ఎందుకు కుదురుతుందంటే, అది ఈరీ, సెయింట్ క్లెయిర్ లాంటి సరస్సుల తేట నీళ్లలో, రాళ్లూ గులకరాళ్లూ ఉన్నచోట తిరుగుతుంది. దాని చూపు చురుకు. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌కి 1.42, నైలాన్‌కి 1.5 పైన. నీటికి దగ్గరగా ఉన్నది నీటిలో తక్కువ కనపడుతుంది. పైగా ఫ్లోరోకార్బన్ నీటికన్నా బాగా బరువు, మునుగుతుంది. అడుగున ఆడించే ఎరలకు అదే కావాలి. నీటిపైన తేలుతూ కదిలే ఎరకు మాత్రం అది పనికిరాదు, ఎర మూతిని కిందికి లాగేస్తుంది. అప్పుడు నైలాన్ లీడరే కట్టాలి. ఇక బ్రెయిడ్ సాగదు కాబట్టి చేప ఇలా ముట్టగానే అలా చేతికి తెలుస్తుంది. ఆ చేప మామూలుగా ఒకటి రెండు కిలోలే ఉంటుంది. 1955లో డేల్ హాలో సరస్సులో పడిన రికార్డు చేప కూడా 11 పౌండ్ల 15 ఔన్సులు, అంటే 5.4 కిలోలు. రీలు డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే బిగింపు) సరిగ్గా పెట్టుకుంటే 8 పౌండ్ల లీడర్ చాలు.

మీ దగ్గర సంగతి వేరు. అక్కడున్నది నాపరాయి. అది పలకలుగా విరుగుతుంది, ఆ అంచు కత్తిలా ఉంటుంది. బ్రెయిడ్ అంటే సన్నటి పాలిథిలిన్ పోగుల అల్లిక. 15 పౌండ్లది మొత్తం కలిపినా 0.19 మిల్లీమీటర్ల మందమే. బిగువుగా ఉన్నప్పుడు ఆ అంచుకు రాసుకుంటే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. నేరుగా లాగితే ఏడు కిలోలు మోసే దారమే రాతికి ఆనితే తెగడానికి కారణం ఇదే. అందుకే ఇక్కడ చేప బరువు చూసి కాదు, నీటి అడుగు చూసి దారం కొనమని చెబుతాం.

రాళ్లున్నచోటకి 30 పౌండ్ల బ్రెయిడ్, దానికి 20 పౌండ్ల లీడర్ (సుమారు 0.40 మి.మీ.) రెండు మీటర్లు పెట్టండి. మీ 15 పౌండ్ల బ్రెయిడ్‌కే 20 పౌండ్ల లీడర్ కట్టేస్తే పోలేదా అనుకోవద్దు. లీడర్ ఎప్పుడూ అసలు దారం కన్నా బలహీనంగా ఉండాలి. లేకపోతే గాలం చిక్కుకున్నప్పుడు ఎక్కడో పైన తెగి, మీటర్లకొద్దీ దారం నీళ్లలో ఉండిపోయి పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. తమ్ముడిచ్చిన జతను రాళ్లు లేని ఒడ్డున జిలేబీ చేపలకు వాడుకోండి. వరద నీరు ఎర్రగా ఉన్న నెలల్లో ఫ్లోరోకార్బన్‌కి డబ్బు పోయడం దండగ, అదే మందం నైలాన్ చాలు. చలికాలం నీరు తేరుకున్నాక ఫ్లోరోకార్బన్ విలువ తెలుస్తుంది.

రెండు దారాలు కలపడానికి డబుల్ యూని ముడి (ఒక్కో దారం కొసను రెండోదాని చుట్టూ తిప్పి వేసే జంట ముడి) వేయండి. బ్రెయిడ్ వైపు ఏడెనిమిది చుట్లు, లీడర్ వైపు నాలుగు. బిగించే ముందు తప్పకుండా తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ పాడవుతుంది. ముడి పక్కన దారం మెలికలు తిరిగినా, తెల్లబడినా కోసేసి మళ్లీ వేయండి. రీలుకు మొదట పది మీటర్లు నైలాన్ చుట్టి దానిమీద బ్రెయిడ్ చుట్టాలి, లేకుంటే బ్రెయిడ్ మొత్తం స్పూల్ (రీలులో దారం చుట్టే భాగం) మీద జారి తిరుగుతుంది. రాయికి తగిలిన ప్రతిసారీ చివరి మీటరును రెండు వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే అక్కడికి కోసి గాలం మళ్లీ కట్టండి.

ప్రశ్న: సుంకేసుల దగ్గర గాలం వేస్తుంటాను. కిందటి ఉగాదికి కొన్న 0.35 మి.మీ. నైలాన్ దారం స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటోంది. చేప జెర్క్ ఇవ్వగానే తెగుతోంది. దారం నకిలీదా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అనుమానించాల్సింది ఎండను. నైలాన్ ఎండకు పెళుసు బారుతుంది. రీలును మిద్దెమీదో బండికో తగిలించి ఉంచితే కర్నూలు వేసవి ఒక్కటి చాలు. రీలును గుడ్డ సంచిలో, నీడన పెట్టండి. చుట్టలు పడటం స్పూల్ మీద ఎక్కువకాలం ఉన్నందువల్ల. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఇద్దరు చెరో కొస పట్టుకుని నిదానంగా సాగదీస్తే కొంత తగ్గుతుంది. తిరిగే స్పూన్ ఎర వాడుతుంటే మధ్యలో స్వివెల్ (రెండు కొసలూ విడివిడిగా తిరిగే చిన్న లోహపు లింకు) పెట్టండి, మెలి పడటం తగ్గుతుంది.

ఇంకా పనికొస్తుందా లేదా తేల్చడం సులువు. ఒక మీటరు తడిపి, ముడేసి, స్ప్రింగు కాటాకు తగిలించి లాగండి. చుట్టమీద రాసిన బరువులో సగానికే తెగితే మొత్తం మార్చేయండి. పైన ముప్పై మీటర్లే పాడై, లోపలిది బాగుంటే దాన్ని తిరగేసి చుట్టుకోవచ్చు. కొత్తది చుట్టేటప్పుడు స్పూల్ అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపండి, నిండుగా చుడితే విసిరినప్పుడు గుంపుగా ఊడి చిక్కు పడుతుంది.

ప్రశ్న: చెరువు తామరాకుల్లో కొర్రమీనుకు రబ్బరు కప్ప వేస్తున్నాం. లీడర్ అవసరమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అవసరం లేదు. 50 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా కప్పకే కట్టండి. ఆకుల మాటున దారం చేపకు కనపడదు, నాచును కోసుకుంటూ రావడంలో బ్రెయిడ్‌ను మించింది లేదు. చెరువులో మునిగిన సర్కారు కంప ఉంటే మాత్రం పడగానే ఆలస్యం చేయకుండా పైకి లాగాలి. కంపలో దూరనిస్తే ఏ దారమూ నిలవదు. అదే చెరువులో వాలుగ ఉందంటే గాలానికి ముందు ఒక జానెడు ఉక్కు తీగ కట్టండి, దాని పళ్లు సన్నగా, దట్టంగా ఉంటాయి.